ఇచ్ఛాపురం కారు బాపట్లలో ఆగింది



ఆదివారం పొద్దున పదింటికి బాపట్లలో ఏ కాలేజీ హాస్టల్ గేటు దగ్గరికి వెళ్ళినా ఒక చిన్న బల్ల కనిపిస్తుంది. బల్ల మీద పొడుగాటి రిజిస్టరు, దానికి పురికొసతో కట్టిన పెన్ను. రిజిస్టరులో గళ్ళు గీసి ఉంటాయి: వచ్చినవారి పేరు, ఊరు, ఎవరిని చూడటానికి వచ్చారు, ఏమవుతారు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, సంతకం. పొన్నూరు వైపు నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన నాన్న హెల్మెట్ చంకలో పెట్టుకుని సంతకం చేస్తాడు. రేపల్లె బస్సు దిగివచ్చిన అమ్మ క్యారేజీ కింద పెట్టకుండా ఎడమ చేత్తో పట్టుకునే, కుడిచేత్తో పేరు రాస్తుంది. వీళ్ళది గంట, గంటన్నర ప్రయాణం. వచ్చే ఆదివారం మళ్ళీ రాగలరు.

అప్పుడప్పుడు మాత్రం అద్దాల మీద నాలుగైదు జిల్లాల దుమ్ము వేసుకుని ఒక కారు వచ్చి ఆగుతుంది. అందులోంచి దిగినవాళ్ళు ఎక్కడికో పోతూ, దారి మార్చుకుని మరీ ఇక్కడికి వచ్చినవాళ్ళు. ఇవాళ్టి ప్రసంగం ఆ కారు గురించి.

అలాంటి కారు ఒకటి ఇచ్ఛాపురంలో బయల్దేరిందని అనుకుందాం. నడుపుతున్నది మావయ్య. పక్కన అత్తయ్య, వెనక అమ్మమ్మ, అమ్మమ్మ ఒళ్ళో కాళ్ళు చాపుకుని మావయ్య కొడుకు, పదేళ్ళ కుర్రాడు. మేనకోడలు బాపట్ల వ్యవసాయ కళాశాలలో అగ్రికల్చర్ బీయస్సీ మూడో ఏడు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా, సొంత కారులో ఒక్కసారైనా వెళ్ళాలని మావయ్యకు ఏనాటి నుంచో కోరిక. కోల్‌కతా నుంచి చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారిలో ఆంధ్రప్రదేశ్ వాటాయే వెయ్యి కిలోమీటర్లకు పైన. ఆ దారినే పట్టుకుని పోతే విజయవాడ, గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు వస్తాయి కానీ బాపట్ల రాదు. బాపట్ల రావాలంటే కత్తిపూడి దగ్గర ఎడమకు తిరిగి 216 పట్టుకోవాలి. కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా సముద్రాన్ని ఒరుసుకుంటూ ఒంగోలు దాకా దాదాపు 390 కిలోమీటర్లు పోయే రోడ్డు అది. ఊళ్ళు ఎక్కువ, మలుపులు ఎక్కువ, గోదావరి పాయలు, వంతెనలు ఎక్కువ. టైము కూడా ఎక్కువే పడుతుంది.

“పిల్లని చూడకుండా దాని ఊరు దాటిపోతామా?” అంటుంది అమ్మమ్మ. దారి మారిపోతుంది.

ఈ దారికి ఒక గుణం ఉంది. హాస్టల్ పిల్లకు ఏం తీసుకెళ్ళాలని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, రోడ్డే అన్నీ అందిస్తుంది. పలాసలో జీడిపప్పు. కాకినాడలో గొట్టం కాజా. కోనసీమలో అడుగుపెడితే ఆత్రేయపురం పూతరేకులు, వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మచిలీపట్నంలో బందరు లడ్డు, దానికి ఆ గుర్తింపు 2017లోనే వచ్చింది. బందరు లడ్డుని తొక్కుడు లడ్డు అని ఊరికే అనరు. శనగపిండి పూసని నేతిలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ మళ్ళీ దంచుతారు. ఆ దంపుడే తొక్కుడు. వేలితో నొక్కితే ఇసుకలా విడిపోకుండా వెన్నలా కుంగాలి.

కారు బందరు దాటేసరికి వెనక సీటులో మనుషుల కంటే డబ్బాలే ఎక్కువ. వీటికి తోడు ఇంటి దగ్గర నుంచి తెచ్చిన ఆవకాయ సీసా ఒకటి ఉంటుంది. ఎంత గట్టిగా మూత బిగించినా, పైన గుడ్డ కట్టినా, పాలిథిన్ సంచి రెండు వరసలు చుట్టినా, నూరు కిలోమీటర్లకి ఒక నూనె బొట్టు బయటపడుతుంది. అమ్మమ్మ కిలోమీటరు రాళ్ళు చూడదు, ఆ సంచి అడుగునే తడిమి చూస్తుంటుంది. తెలుగునాట హాస్టల్లో చదివిన ప్రతివాళ్ళకీ పెట్టెలో ఒక పుస్తకం అట్ట మీద ఆ పసుప్పచ్చ మరక గుర్తుండే ఉంటుంది.

మోపిదేవి, అవనిగడ్డ దాటాక దారి కృష్ణ మీదికి వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన తుడిచిపెట్టిన దివిసీమ ఇదే. పులిగడ్డ నుంచి పెనుమూడికి వంతెన లేని రోజుల్లో రేవు దాటాలంటే పడవే గతి, కాదంటే విజయవాడ చుట్టి రావాలి. దివిలో పిల్ల, రేపల్లెలో చదువు అంటే మధ్యలో ఒక నది ఉండేది. ఇప్పుడు వంతెన మీద కారు కొద్ది నిమిషాల్లో అవతల పడుతుంది. కుర్రాడు కిటికీలోంచి ఇసుక మేటలు చూస్తాడు, అమ్మమ్మ చిల్లర తీసి నదిలోకి విసురుతుంది.

అవతల రేపల్లె. బాపట్లకు ఇక్కణ్ణించి నేరుగా వెళ్ళిపోవచ్చు. అయితే పొద్దుపోతోంది, తెనాలిలో పిన్ని ఉంది, ఆ రాత్రికి మకాం అక్కడే. పిన్ని అంటే ఉత్త పిన్ని కాదు, హాస్టల్ కాగితాల్లో ‘లోకల్ గార్డియన్’. ఆ రెండు మాటలకు ఎంత బరువుందో దూరాన ఉన్న తల్లిదండ్రులకే తెలుసు. జ్వరం వస్తే మొదటి ఫోను వెళ్ళేది ఆవిడకి, దసరా సెలవలకి బండి దొరక్కపోతే పిల్ల దిగేది ఆవిడ ఇంట్లో.

రేపల్లె నుంచి తెనాలికి రైలు ఉంది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్ళు 1916లో వేసిన కొమ్మ లైను అది, 34 కిలోమీటర్లు. రేపల్లె, పల్లికోన, భట్టిప్రోలు, పెనుమర్రు, వేమూరు, జంపని, చినరావూరు, తెనాలి. ఈ స్టేషన్ల పేర్లు వరసగా అప్పజెప్పమంటే ఆ ఊళ్ళల్లో పెద్దవాళ్ళు నిద్రలో కూడా చెబుతారు, ఎందుకంటే సీజన్ టికెట్టు మీద కాలేజీకి వెళ్ళింది ఈ బండిలోనే. చదువుకునేవాళ్ళకు తెనాలే పట్నం. అక్కడ గది తీసుకుని ఉన్న పిల్లాడికి ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. తెలిసిన మనిషి చేతికో, బస్సు డ్రైవరు పక్కనో పెట్టి పంపేవాళ్ళు. క్యారేజీ మీద ఎర్ర రంగుతో ఇంటిపేరు. మధ్యాహ్నం బస్టాండుకో స్టేషనుకో వెళ్ళి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, సాయంత్రం ఖాళీ గిన్నెలు తిరుగు బండికి ఎక్కించాలి. అడుగు గిన్నెలో అన్నం, పై గిన్నెలో కూర, ఆ రెంటి మధ్యలో అప్పుడప్పుడు మడత పెట్టిన కాగితం ముక్క. అమ్మ కాలేజీకి రాలేదు, గిన్నె వచ్చింది. ఆ కాలంలో విజిటింగ్ అంటే అదే.

రైలు దారిలోనూ, రోడ్డు మీదా వస్తుంది భట్టిప్రోలు. చాలా కార్లు ఆగవు. ఈ కారు మాత్రం ఆగాలి. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపినప్పుడు ధాతువులు, అంటే అస్థికలు, దాచిన రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మి లిపిలో, ప్రాకృత భాషలో శాసనాలు ఉన్నాయి. అవి క్రీస్తుకు రెండు మూడు వందల ఏళ్ళ ముందువి. తెలుగు లిపి పుట్టుక గురించి రాసే ప్రతి పుస్తకంలోనూ భట్టిప్రోలు పేరు రావటానికి కారణం అవే. వాటిల్లో ఒక భరిణె అంచు చుట్టూ దాతలు ఎవరో చెక్కి ఉంది. రాజులు కాదు. కుర అనే అతని తండ్రి, కుర తల్లి, కుర, శివుడు అనే ఇంకొకరు. ఈ నలుగురూ బుద్ధుని ధాతువులు ఉంచటానికి రాతి పెట్టె, స్ఫటికపు భరిణె ఇచ్చారు.

తండ్రికి సొంత పేరు ఉండే ఉంటుంది. తల్లికీ ఉంటుంది. రెండు వేల ఏళ్ళు దాటి నిలిచే రాయి మీద వాళ్ళు చెక్కించుకున్నది మాత్రం కొడుకు పేరే: కుర నాన్న, కుర అమ్మ. వీధుల్లో ఇప్పటికీ అంతే. పిల్లో పిల్లాడో పుట్టిన మర్నాటి నుంచి ఆ ఇంటి ఇల్లాలు ‘ఫలానా వాళ్ళమ్మ’ అయిపోతుంది. హాస్టల్ గేటు దగ్గర రిజిస్టరులో ‘ఏమవుతారు’ అనే గడి నింపేటప్పుడు, ఎంత పెద్ద ఉద్యోగం చేసేవారైనా రాసేది అదే, పిల్లకు నాన్న, పిల్లకు మావయ్య. భట్టిప్రోలు రాయికీ బాపట్ల రిజిస్టరుకీ మధ్య నలభై యాభై కిలోమీటర్ల కంటే ఎక్కువ దూరం లేదు.

తెనాలి రాత్రి గురించి చెప్పాలంటే ముందు కాలవలు చెప్పాలి. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవలు మూడు ఊరి మధ్యలోంచి పోతాయి. అందుకే అక్కడ ఏ ఇంటికి దారి అడిగినా ‘వంతెన దాటి’ అనే మాట తప్పదు. పిన్ని ఇల్లూ ఒక వంతెన దాటాకే. భోజనాల దగ్గర మాటలు సహజంగానే చదువుల మీదికి పోతాయి. పిన్ని జె.ఎం.జె. కాలేజీలో చదివింది. 1963లో సిస్టర్లు ఆడపిల్లల కోసం పెట్టిన ఆ కాలేజీ రాకపోతే చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది ఆడపిల్లల చదువు హైస్కూలుతో ఆగిపోయేది. ఆడపిల్లని గుంటూరు పంపని తండ్రి తెనాలి పంపాడు. దగ్గరగా ఉండటం వల్ల చదువు దొరకటం అంటే ఇదే.

తెనాలి మగపిల్లలు మాత్రం ముందు నుంచీ దూరం పోయినవాళ్ళే. 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు ఇంటర్మీడియెట్‌కి గుంటూరు వెళ్ళాడు, ఫిజిక్సు బి.ఏ. కోసం విజయనగరం మహారాజా కళాశాలకు వెళ్ళాడు, ఆపైన ఎం.ఎస్సీ. చదవటానికి ఏకంగా బెనారస్ వెళ్ళాడు. మన కారు దిగివచ్చిన దారినే ఆయన ఎదురు పోయాడన్నమాట, తెనాలి నుంచి ఉత్తరాంధ్రకి. చదువు అనే దాన్ని మనిషి ఎందుకు నెత్తికెత్తుకుంటాడో, అది అతన్ని ఎక్కడ దింపుతుందో తర్వాత ఆయన ‘చదువు’ అనే నవలే రాశాడు. పక్కనే బుర్రిపాలెం కుర్రాడు ఘట్టమనేని శివరామకృష్ణ ఏలూరు సి.ఆర్. రెడ్డి కాలేజీలో డిగ్రీ చదివాడు. ఆ తర్వాత సినిమా హీరో కృష్ణగా ఊరూరా తెలిశాడు. అలాంటి పిల్లలని చూడటానికి ఇంటివాళ్ళు ఏడాదికి ఎన్నిసార్లు వెళ్ళగలిగేవాళ్ళు? రైలు చార్జీలు, పొలం పనులు, ఇంట్లో పశువులు. కార్డు ముక్క రాసేవాళ్ళు. పరీక్ష ఫీజుకి మనియార్డరు పంపేవాళ్ళు.

మర్నాడు పొద్దున్నే బాపట్ల దారి. దారిలో పొన్నూరును ఆనుకుని నిడుబ్రోలు వస్తుంది. 1900లో ఆచార్య ఎన్.జి. రంగా పుట్టిన ఊరు. రైతు కుటుంబంలో పుట్టిన ఆ కుర్రాడు 1920ల్లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివాడు. ఓడలో ఉత్తరం చేరటానికే వారాలు పట్టే రోజులు. ఎవరు వెళ్ళి చూస్తారు? ఎవరు సున్నుండలు పట్టుకెళ్తారు? తిరిగొచ్చాక ఆయన ఊళ్ళోనే రైతుల కోసం విద్యాలయం పెట్టాడు. 1964లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరు పెట్టారు. మావయ్య మేనకోడలు చదువుతున్నది ఆ విశ్వవిద్యాలయం కిందే. ఆ మాట కారులో చెప్పాక కుర్రాడు రోడ్డుకి రెండువైపులా కొత్తగా చూడటం మొదలుపెడతాడు.

బాపట్ల. భావనారాయణ స్వామి పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఇక్కడే. దానికి అధ్యక్షుడు ఉత్తరాంధ్ర మనిషి బి.ఎన్. శర్మ. తెలుగువాళ్ళకి ఒక రాష్ట్రం ఉండాలనే ఆలోచన సభలో చర్చకు వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది జిల్లా కేంద్రం, రేపల్లె ఈ జిల్లాలోదే, తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. చదువుకునే పిల్లలకు ఆ సరిహద్దులతో పని లేదు. 1945లో మద్రాసు రాష్ట్రం ఉండగా కోయంబత్తూరు తర్వాత రెండో వ్యవసాయ కళాశాల ఇక్కడ పెట్టారు. తర్వాత వ్యవసాయ ఇంజనీరింగు, ఆహార సాంకేతిక కళాశాలలు, 1981లో బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. ఈ రోజున ఊళ్ళో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే శ్రీకాకుళం యాస, రాయలసీమ యాస, గుంటూరు యాస మూడూ వినిపిస్తాయి.

గేటు దగ్గర సంతకాలు అయ్యాయి. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. మొదటి అయిదు నిమిషాలు అందరికీ తెలిసిందే: చిక్కిపోయావంటుంది అత్తయ్య, జుట్టు ఊడిపోయిందంటుంది అమ్మమ్మ, పొడుగయ్యావురా అని పిల్ల కుర్రాడి నెత్తి మీద మొట్టుతుంది. కుర్రాడు చిన్నవాడు కాబట్టి ఆమె వాడికి మరదలు కాదు, వదిన.

అసలు విషయం ఆరో నిమిషంలో మొదలవుతుంది. చాలా విజిటింగులు చెడేది ఇక్కడే. మార్కులెన్ని? పక్కింటి వాళ్ళ అబ్బాయికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిందట, మరి నీకు? ఫోను ఎక్కువ చూస్తున్నావా? ఈ ప్రశ్నలు ఫోనులో రోజూ అడిగేవే. అంత దూరం వచ్చి అవే అడిగితే కారుకి పోసిన పెట్రోలు దండగ. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే దొరికేది ఇంకోటి ఉంది: పిల్ల ఏ చెట్టు కింద కూర్చుని చదువుతుందో, ఏ గది కిటికీలోంచి ఏం కనిపిస్తుందో, ఎవరితో కలిసి అన్నం తింటుందో చూడటం. ‘నీ కాలేజీ మాకు చూపించవే’ అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అనేసరికి ఈ అమ్మాయి గొంతు మారిపోతుంది. ఇప్పటిదాకా చుట్టాల ముందు నిలబడ్డ పిల్ల కాస్తా ఊరు చూపించే మనిషి అవుతుంది.

ఆమె వాళ్ళని తీసుకెళ్ళింది పొలాల దగ్గరికి. సంక్రాంతి ముందు రోజులు. వరి కోసేశారు. మోళ్ళ మధ్య పచ్చగా, జానెడు ఎత్తున మినుము మొలిచి ఉంది. దున్నిన గుర్తు ఎక్కడా లేదు.

“ఇదెలా వేశారు?” అంటాడు మావయ్య.

“వెయ్యలేదు మావయ్యా, చల్లారు. వరి ఇంకా నిలబడే ఉంటుంది, కోతకి రెండు మూడు రోజుల ముందు బురద పదునులో విత్తనం చల్లేస్తారు. వరి కోసేసరికి కింద మినుము మొలకెత్తి ఉంటుంది. మళ్ళీ నీళ్ళు పెట్టక్కర్లేదు, నేలలో ఉన్న చెమ్మతోనే పండుతుంది.”

వంగి ఒక ఆకు తిప్పి చూపించింది. ఆకు మీద అక్కడక్కడ పసుపు మచ్చలు. పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. డెల్టాలో చాలామంది రైతులు మినుము వదిలి వరి మాగాణుల్లో దున్నకుండానే మొక్కజొన్న వెయ్యటం మొదలుపెట్టటానికి ఇదో పెద్ద కారణం. తెగులు తట్టుకునే రకాల కోసమే గుంటూరు దగ్గర లాంలో పరిశోధన జరుగుతోందని చెప్పింది. పొలం పని తెలిసిన అమ్మమ్మ ఆ ఆకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. పిల్ల చదువు ఏమిటో ఆవిడకి ఆ నిమిషం దాకా సరిగ్గా తెలియదు. అగ్రికల్చర్ అంటే బ్యాంకు ఉద్యోగానికి పనికొచ్చే డిగ్రీ అనుకుంటోంది.

తర్వాత బియ్యం మాట వచ్చింది. ఇంట్లో ఎక్కువగా తినేది బీపీటీ బియ్యమే. బస్తా మీద ఆ మూడక్షరాలూ ఏళ్ళ తరబడి చూస్తున్నారు. బీపీటీ అంటే బాపట్ల అని ఎవరూ అనుకోలేదు. ఇక్కడి వరి పరిశోధన స్థానంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, సాంబ మసూరి, అదే సన్నబియ్యం పేరుతో దేశమంతా పండుతోంది. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నా దాని రుచిని మరిపించే రకం కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

“మరి మన దగ్గరవి?” అంది అమ్మమ్మ.

“శ్రీకాకుళం సన్నాలు తింటాం కదా, ఆర్జీఎల్ 2537. ఆర్జీఎల్ అంటే రాగోలు అమ్మమ్మా, మన శ్రీకాకుళం పక్కన రాగోలు.”

ఇక కుర్రాడు వదల్లేదు. నోటు పుస్తకంలో కాగితం చింపి ఆమె రాసిచ్చింది. ఆర్జీఎల్ రాగోలు. ఎంటీయూ పశ్చిమ గోదావరిలో మారుటేరు, స్వర్ణ అనే ఎంటీయూ 7029 అక్కడిదే. ఎంసీఎం మచిలీపట్నం, అక్కడ ఉప్పు నేలలకి పనికొచ్చే వరి మీద పని చేస్తారు. బీపీటీ బాపట్ల. ఎన్నెల్లార్ నెల్లూరు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వాళ్ళ కారు పోయే దారి అంతా వరి పేర్లలో ఉంది. మావయ్య ఆ కాగితాన్ని కారు ముందు అద్దం దగ్గర దేవుడి బొమ్మ పక్కన పెట్టాడు.

ఇలాంటి విజిటింగ్ జరగాలంటే కొన్ని తెలిసి ఉండటం మంచిది. ముందు రోజు ఫోను చెయ్యాలి, ఎందుకంటే అగ్రికల్చర్ ఆఖరి ఏడాదిలో పిల్లలు కొన్ని నెలలు హాస్టల్లోనే ఉండరు. రావెప్ అంటారు, రైతుల ఊళ్ళో ఉండి పని నేర్చుకుంటారు. కాలేజీకి వెళ్ళి చూస్తే గది తాళం వేసి ఉంటుంది. సెమిస్టరు పరీక్షల వారంలో వెళ్ళకూడదు. ఆధార్ కార్డు జేబులో ఉండాలి, ఆడపిల్లల హాస్టల్లో మగవాళ్ళు విజిటర్ల గది దాటరని ముందే తెలిసి ఉండాలి, గేటు దగ్గర వాదన పెట్టుకుంటే తలదించుకునేది పిల్లే. తినుబండారాలు ఒక్క మనిషికి లెక్కవేసి తేకూడదు. గదిలో ఉన్నవాళ్ళు, పక్క గదివాళ్ళు, ఇంటి నుంచి ఎవరూ రాలేనివాళ్ళు, వాళ్ళందరికీ అది పండగ. అన్నిటికంటే ముఖ్యం, భోజనానికి బయటికి తీసుకెళ్ళేటప్పుడు అలాంటి స్నేహితురాలిని ఒకరిని వెంటబెట్టుకెళ్ళటం. చిత్తూరు వైపు నుంచి వచ్చి చదువుకుంటూ దసరాకి కూడా ఇంటికి పోలేకపోయిన పిల్ల అదే గదిలో ఉంటుంది. అత్తయ్య విస్తట్లో ఇంకాస్త ముద్దపప్పు వడ్డిస్తే ఆ పిల్లకి అది ఎంతో.

సముద్రాలు దాటిన తెలుగు పిల్లలదీ ఇదే కథ. తెనాలి, బాపట్ల ప్రాంతాల నుంచి అమెరికాకు ఎమ్మెస్సుకి వెళ్ళిన పిల్లలు చిన్న చిన్న యూనివర్సిటీ ఊళ్ళల్లో నలుగురేసి ఒక అపార్ట్‌మెంట్లో ఉంటారు. న్యూయార్కు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి రోడ్డు మీద దాదాపు 4,700 కిలోమీటర్లు. ఆ దేశాన్ని కారులో అడ్డంగా దాటే బాబాయిలూ మావయ్యలూ అక్కడా ఉన్నారు, ఎక్కడో మధ్యలో ఒక కాలేజీ ఊరి దగ్గర దారి మళ్ళేవాళ్ళూ ఉన్నారు. అక్కడి యూనివర్సిటీలు చాలావాటిలో ఏడాదికోసారి కుటుంబాల కోసమే ఒక వారాంతం పెడతారు. మన దగ్గర వార్షికోత్సవానికి పిలుస్తారు, మంత్రిగారి ఉపన్యాసం అయ్యేదాకా తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో కూర్చుంటారు. మన కాలేజీలు కూడా ఒక ఆదివారం గేట్లు తెరిచి, పిల్లల చేతే ల్యాబులూ పొలాలూ చూపించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. పిల్లవాడు ఏం చదువుతున్నాడో ఇంట్లో చాలామందికి డిగ్రీ పేరు తప్ప ఏమీ తెలియదు.

సాయంత్రం సూర్యలంక. ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. కార్తీక మాసంలో జనం కిక్కిరిసే బీచి, ఆ రోజు కాస్త ఖాళీగా ఉంది. లోపలికి దిగొద్దని అమ్మాయి ముందే చెప్పింది, ఇక్కడ అలల్లో మునిగిపోయిన విద్యార్థుల సంగతి కాలేజీలో ప్రతి ఏడూ చెబుతారట. చీలమండల దాకా నీళ్ళల్లో నిలబడి కుర్రాడు గవ్వలు ఏరాడు. అమ్మమ్మ ఇసుక మీద కూర్చుంది, మనవరాలు ఒళ్ళో తల పెట్టుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో అలల చప్పుడుకి కారు దగ్గరికి వినపడలేదు.

హాస్టల్ గేటు మూసే వేళకి తిరిగి దింపారు. అమ్మమ్మ బొడ్లోంచి మడత పెట్టిన నోట్లు తీసి మనవరాలి గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది. వద్దని ఒకసారి, ఉంచుకోమని రెండుసార్లు. రిజిస్టరులో ‘వెళ్ళిన టైము’ గడి నింపింది మావయ్య. ఆరుంబావు.

కారు చీరాల మీదుగా ఒంగోలు చేరింది, అక్కడ మళ్ళీ పెద్ద రోడ్డెక్కింది. మర్నాడు పదకొండింటికి అమ్మాయి ఫోను మోగింది. అవతల కుర్రాడు అరుస్తున్నాడు.

“వదినా, నెల్లూరు వచ్చేసింది! బియ్యం కొట్టు దగ్గర ఆగాం, బస్తా మీద ఎన్నెల్లార్ అని రాసి ఉంది!”

“నిజమా? ఫొటో తీసి పంపు. సరే గానీ, నాన్నకి ఇవ్వు ఫోను... మావయ్యా, లడ్లు రాత్రే అయిపోయాయి. తిరుగు ప్రయాణం ఏ దారిన?”